రోడ్డు వైపు మొహం పెట్టిన కారు

మా ఆయన కారు ఎక్కడ ఆపినా దాని మొహం రోడ్డు వైపే ఉంటుంది. గుడికెళ్లినా, పెళ్లికెళ్లినా, పరామర్శకెళ్లినా అదే తంతు. రివర్సులో లోపలికి దూరి, అద్దాల్లో చూసుకుంటూ నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి, తిరిగి వెళ్లిపోవడానికి వీలుగా పెట్టాకే తలుపు తీస్తారు. గుమ్మంలో నిలబడ్డవాళ్లు "రండి, రండి" అంటుంటే ఈయన వెళ్లే దారి సరిచూసుకుంటూ ఉంటారు. పెళ్లయిన ముప్పై రెండేళ్లలో నేను ఈ అలవాటు మానిపించలేకపోయాను.

ఆయన పేరు ప్రేమ్‌నాథ్. ఇక్కడ మలేషియాలో, క్లాంగ్ రేవులో ముప్పై నాలుగేళ్లు లారీలకు వరస కట్టే ఉద్యోగం చేశారు. ఏ లారీ ముందు కదలాలి, ఏది వెనక ఆగాలి, ఏది దేనికి అడ్డం రాకూడదు, ఇదే పని. రిటైరయ్యాక లారీలు దొరక్క నా మీద పడ్డారు.

ఈయన దేనికీ చివరిదాకా ఉండరు. సినిమాలో విలన్ చావకముందే లేస్తారు. పెళ్లిలో తాళి పడీ పడగానే, అక్షింతలు ఇంకా జనం తలల మీద ఉండగానే నా మోచెయ్యి పట్టుకుంటారు. "ఆలస్యం అమృతం విషం లా! ఇప్పుడే ఎల్దాం. నేకపోతే జామ్ అయిపోద్ది." మా మామగారి దగ్గర ఆయన నేర్చుకున్న సామెత అదొక్కటే, చివర ఆ 'లా' మాత్రం మా మలేషియా వాళ్లందరి ఊతపదం. నేను "నిదానమే ప్రధానం" అని మొదలుపెట్టేసరికి కారు స్టార్టయి ఉంటుంది.

ఎవరి పిచ్చి వారికి ఆనందం అని సర్దుకుపోయాను. కానీ రెండేళ్ల కిందట నా రిటైర్మెంటు సభలో జరిగింది మాత్రం సర్దుకోలేకపోయాను. ముప్పై ఏళ్లు అదే బడిలో పాఠాలు చెప్పినదాన్ని. పిల్లలు నాకోసం పాట నేర్చుకుని వరసగా నిలబడ్డారు. నేను మైకు ముందు నాలుగు మాటలు మాట్లాడుతుంటే, హాలు చివర తలుపు దగ్గర మా ఆయన కారు తాళం పైకెత్తి ఊపుతున్నారు. బడి వదిలే వేళ, గేటు ముందు బండ్లు నిండిపోతాయని ఆయన కంగారు. రెండు మాటలే చెప్పి దిగిపోయాను. పిల్లల పాట కారులో కూర్చున్నాక గోడ అవతలి నుంచి వినిపించింది. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. జామ్ తప్పించిన సంబరంలో ఆయన గమనించనే లేదు.

అందుకే యూరప్ ప్రయాణం మాట వచ్చినప్పుడు నేనొక షరతు పెట్టాను.

యూరప్‌లో సొంతంగా కారు నడుపుకుంటూ తిరగాలన్నది ఆయన కోరిక. జర్మనీలో దిగి, మంచు కొండలు దాటి ఇటలీ చేరేదాకా రోజువారీగా రాసి నీలం ఫైలొకటి తయారు చేశారు. నా కోరిక ఒక్కటే. ఇటలీలో వెరోనా అనే ఊళ్లో ఎండాకాలమంతా ఆకాశం కింద ఆపెరా అనే పాటల నాటకం ఆడతారు. పాత రాతి మెట్ల మీద వేలమంది కూర్చుని చూస్తారు. రాత్రి తొమ్మిది దాటాక మొదలై అర్ధరాత్రి దాటేదాకా సాగుతుంది. అందులో ఒక ఆట మొదటి నుంచి చివరిదాకా చూడాలి. చివరిదాకా అన్న మాట నేను మూడుసార్లు చెప్పాను.

దానికో కారణం ఉంది. నేను పుట్టింది తెలుక్ ఇంటాన్ దగ్గర తోటలో. మా నాన్న అక్కడ కెరాణి, అంటే తోట ఆఫీసులో గుమాస్తా. చీనావాళ్ల ఏడో నెలలో, చచ్చిపోయినవాళ్లు మన మధ్యకు వచ్చి తిరుగుతారని వాళ్ల నమ్మకం కదా, ఆ రోజుల్లో టౌనులో గుడి ముందు స్టేజీ కట్టి వాయాంగ్ అనే చీనా వీధి నాటకం ఆడేవారు. మొహాల నిండా రంగులు, తల మీద నెమలీకలు, చెవులు గింగురుమనే తాళాలు. మా నాన్న ఏటా తీసుకెళ్లేవారు. సరిగ్గా తొమ్మిది కాగానే "పద అమ్మా, రేపు బడి" అని లేపేసేవారు. ఏ కథలోనైనా మొదటి సగంలో అందరూ విడిపోతారు. యుద్ధమొస్తుంది, వరదొస్తుంది, మొగుడు ఒక దిక్కు, పెళ్లాం ఒక దిక్కు. కలుసుకునేది రెండో సగంలో. నేను మొదటి సగాలే చూశాను. దాంతో నా చిన్నతనంలో విడిపోయినవాళ్లెవరూ మళ్లీ కలుసుకోలేదు. రాత్రి పడుకున్నాక వాళ్లకోసం బెంగపడేదాన్ని.

పుట్టింట్లో తొమ్మిది గంటల నాన్న, మెట్టింట్లో జామ్ భయమున్న మొగుడు. యాభై ఎనిమిదేళ్లొచ్చినా నాకు ఆట చివర ఎలా ఉంటుందో తెలియదు.

"ఆఖరిదాకా కూకుంటానంటేనే యూరప్," అన్నాను. "మద్దెలో లేస్తానంటే ఇప్పుడే సెప్పీండి. సగం ఆట సూడ్డానికి నాను ఇమానం ఎక్కను."

"కూకుంటాను లా," అన్నారు. అంటూనే మా చెల్లెలి కూతురు తనూషకు ఫోన్ చేశారు. తనూష ప్రయాణాల ఆఫీసులో పని చేస్తుంది. "వరసకి ఆఖర్న, దారి పక్కన ఉన్న సీట్లు సూడమ్మా. లేసి ఎల్లడానికి ఈజీగా ఉండాల," అని ఆ పిల్లకు చెప్పడం వంటింట్లోకి నాకు స్పష్టంగా వినిపించింది. ఈ పెద్దమనిషి మాట నమ్మేదెలా?

తనూషకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట తిరగదు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మా, టూ సీట్స్ పెట్టినాను. మండే టెన్ ఓ క్లాక్ లోపల ఎస్సో నోవో సెప్పాల. తరవాత కెన్నాట్ లా," అంది.

అప్పటికి మంగళవారం. మా ఆయన నీలం ఫైలు తెరిచి, యూరప్‌కు ముందు ఒక రిహార్సల్ చెయ్యాలన్నారు. శుక్ర, శని, ఆదివారాలు మన దేశంలోనే కారులో తిరగాలి. యూరప్‌లో లాగే బ్రెడ్డు, చీజ్, ఉడికించిన గుడ్లు తినాలి. మూడు రోజులు అన్నం ముట్టకుండా, సంబల్ కారం నాకకుండా నేను ఉండగలనో లేదో చూడాలట. ఆయన పరీక్ష అది. సరే, నాదీ ఒక పరీక్ష ఉందన్నాను. ఏడో నెల నడుస్తోంది, ఆదివారం తెలుక్ ఇంటాన్ అవతల నది ఒడ్డున వాయాంగ్ ఉందని నా స్నేహితురాలు దేవకి చెప్పింది. అక్కడ ఆఖరి తాళం దెబ్బ మోగేదాకా కూర్చుంటే సోమవారం తనూషకు ఎస్. మధ్యలో లేస్తే నో. ఆయన కాసేపు ఫైలు తిరగేసి, "ఎన్నింటికి అవుతాదో?" అన్నారు.

"అదే అడగకూడదు," అన్నాను.

శుక్రవారం తెల్లారకముందే బయల్దేరాం. యూరప్‌లో బండ్లు కుడివైపు పోతాయి కదా, అది అలవాటు కావాలని ఇంకా తెరవని సూపర్‌మార్కెట్ ముందు ఖాళీ స్థలంలో మా మైవీ కారును కుడివైపుగా గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టారు. ఆరు చుట్లు అయ్యాక సెక్యూరిటీ ఆయన టార్చి పట్టుకుని వచ్చి, ఏమైనా పారేసుకున్నారా అంకుల్ అని తమిళంలో అడిగాడు. "ఇటలీకి ఎల్తన్నాం," అన్నారు మా ఆయన. అతను నా వైపు చాలా జాలిగా చూశాడు.

ఇక అన్నం సంగతి. నేను బ్రెడ్డు నమిలాను, గుడ్డు మింగాను, నోరెత్తలేదు. ఈపో దాటాక ఈయన రెండుసార్లు గుటకలు వేశారు. సుంగై పెటానిలో గడియారం స్తంభం చూపించి, "ఇది లండన్ అనుకో," అని ఫోటో తీశారు. ఆ స్తంభం వెనక సందులో ఎవరో కోడి పులుసు కాస్తున్నారు. మరో ఐదు నిమిషాలకు అరిటాకు ముందు కూర్చుని ఉన్నాం.

"ఇది ఇటలీలో ఇండియన్ రెస్టారెంట్ అనుకో లా," అన్నారు, రెండో మారు అన్నం వడ్డించుకుంటూ. తాను తీసిన గోతిలో తానే పడ్డ మనిషిని ఏమంటాం? అప్పడం అందించాను.

శనివారం పొద్దున్న జెరాయ్ కొండ ఎక్కాం. ఫైలు ప్రకారం అది ఆల్ప్స్. పైన మబ్బు కమ్మి చల్లగా ఉంది. ఆయన స్వెట్టరు, ఉన్ని టోపీ వేసుకుని టీ తాగారు. టీ గ్లాసు సగంలో ఉండగానే లేచారు, అందరూ ఒకేసారి దిగితే మలుపుల దగ్గర జామ్ అవుతుందని. కొండ మీద ఉన్నవి మాతో కలిపి మూడు కార్లు.

దిగాక నేరుగా హోటల్‌కు పోలేదు. ఊరి బయట ఫ్యాక్టరీల మధ్య ఒకచోట కారు ఆపారు, మామూలుగానే మొహం రోడ్డు వైపు పెట్టి. అక్కడ ఫ్యాక్టరీ గోడ తప్ప చూడ్డానికేమీ లేదు. గోడ పక్కన సిమెంటు దిమ్మ ఒకటి, గడ్డిలో సగం మునిగి ఉంది.

"ఇక్కడే బస్సు ఆగీది," అన్నారు. "మా తోట ఇదే. టౌను నుంచి ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకి."

ఆయన రబ్బరు తోటలో పెరిగారని నాకు తెలుసు. మిగతాది ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు దిమ్మ మీద కాలు పెట్టి, ఉన్ని టోపీ ఇంకా తియ్యకుండానే చెప్పారు.

"నాకు తొమ్మిదేళ్లు. టౌనుకి సర్కస్ వచ్చినాది. ఆఖర్న ఏనుగు వస్తాదన్నారు. అయ్య బస్సుకి ఎల్దామన్నాడు. ఏనుగుని సూసి ఎల్దామని నాను ఏడ్సినాను. పాపం, ఆగినాడు. ఏనుగు వచ్చినాది, బస్సు ఎల్లిపోనాది. ఏడు మైళ్లు నడిసినాం, చీకట్లో. సెల్లిని అయ్య బుజాన ఏసుకున్నాడు. పొద్దున్నే రబ్బరు పాలు గియ్యడానికి ఎల్లాల గదా, ఆలస్యమైనాది. మేస్త్రీ అందరి ముందర తిట్టినాడు. మా అయ్య తల దించుకుని నిలబడ్డాడు. నాను సూసినాను."

ఆ బస్సు కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ తోట కూడా పోయింది. మా ఆయన మాత్రం యాభై రెండేళ్లుగా ఆ ఎనిమిదిన్నర బస్సు అందుకుంటూనే ఉన్నారన్నమాట. ఇన్నేళ్లూ నేను తిట్టుకున్నది ఆ తొమ్మిదేళ్ల పిల్లాడిని అని తెలిసి నా మనసు కరిగిపోయింది.

"ఏనుగు బాగుందా?" అని అడిగాను.

ఆయన మొహం విప్పారింది. "సానా బాగుంది లా. రెండు కాళ్ల మీద నిలబడ్డాది."

మనసు కరిగింది గానీ షరతు మాత్రం వదల్లేదు. ఆ రాత్రి హోటల్లో పడుకునే ముందు గుర్తు చేశాను కూడా. జాలి వేరు, ఆపెరా వేరు.

ఆదివారం మధ్యాహ్నానికి తెలుక్ ఇంటాన్ చేరాం. అక్కడి వాలిపోయిన గడియారం బురుజు మా ఫైల్లో పీసా. నేను పుట్టి పెరిగిన చోటు కాబట్టి దాని వాలు నాకు వింత కాదు. "కట్టినోళ్లు కూడా మీలాగే ఆఖరిదాకా ఉండకుండా ఎల్లిపోనారేమో," అన్నాను. ఆయన నవ్వలేదు. అప్పటికే సాయంత్రం గురించి ఆలోచిస్తున్నారు. హోటల్ గది తీసుకున్నాం కాబట్టి ఆ రాత్రి క్లాంగ్ వెళ్లే పని కూడా లేదు. అయినా కాలు నిలవడం లేదు.

వాయాంగ్ జరిగే చోటు ఊరికి దూరంగా, నది ఒడ్డున చిన్న చీనా గుడి. పామాయిల్ తోటల మధ్య నుంచి ఒకటే సన్నటి దారి. ఆ దారి చూడగానే ఆయన మొహం వాడిపోయింది. గుడి పక్క గడ్డి నేలలో అందరికంటే ముందు, స్టేజీ వెనక్కి వెళ్లే బాట పక్కన, మొహం రోడ్డు వైపు పెట్టి కారు ఆపారు. అద్దం వెనక ఫోన్ నంబరు రాసిన అట్టముక్క పెట్టారు. అవసరమైతే ఎవరైనా పిలుస్తారని మా ఊళ్లలో అందరూ పెట్టేదే.

చెక్క స్తంభాల మీద స్టేజీ, దాని ఎదురుగా గుడి, మధ్యలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ముందు వరస ఖాళీగా వదిలేశారు. అది ఆ నెలలో వచ్చే కనబడని చుట్టాలకు. చిన్నప్పుడొకసారి తెలియక అందులో కూర్చుంటే మా నాన్న వీపు మీద ఒక్కటిచ్చారు. మేం మూడో వరసలో కూర్చున్నాం. చివరి కుర్చీ ఆయనది. చూడ్డానికి వచ్చింది లెక్కపెడితే మాతో కలిపి పదమూడుమంది, అందులో సగం ముసలివాళ్లు. ఇప్పటి పిల్లలకు సినిమా పాటలవాళ్లు కావాలి, ఇది ఎవరిక్కావాలి?

"ఈ పదముగ్గురు ఎల్తే జామ్ అవుద్దేటి?" అన్నాను చెవిలో.

"దారి సన్నం లా," అన్నారు నీరసంగా.

"ముందర వరసోళ్లని సూడండి. ఆళ్లకి జామ్ భయం నేదు. ఎంత బుద్ధిగా కూకున్నారో."

ఆయన ఖాళీ కుర్చీల వైపు చూసి, కొంచెం సర్దుకుని కూర్చున్నారు.

ఏడున్నరకు తాళాలు మోగాయి. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా కథ తెలుస్తూనే ఉంది. పడవ నడిపేవాడు ఒకడు, వాడి భార్య. రాజుగారి మనుషులు వచ్చి వాడిని యుద్ధానికి లాక్కుపోతారు. పోయే ముందు భార్య తలలో దువ్వెన తీసి రెండుగా విరిచి, చెరో ముక్క ఉంచుకుంటారు. ఆమె సన్నటి గొంతుతో పాడుతుంటే నాకు పదేళ్ల వయసు తిరిగొచ్చింది. నా పక్కనున్న చీనా ముసలామె నిద్రలో తల ఊపుతోంది.

ఎనిమిదిన్నరకు మా ఆయన మోకాలు ఊగడం మొదలైంది. పావు తక్కువ తొమ్మిదికి గడియారం చూశారు. తొమ్మిదికి ముళ్ల మీద కూర్చున్నట్టున్నారు. కట్టుకున్నదాన్ని కాబట్టి జాలేసింది, షరతు పెట్టినదాన్ని కాబట్టి స్టేజీ వైపే చూశాను. తొమ్మిది దాటింది. మా నాన్న లేపే వేళ దాటి నేనింకా కుర్చీలోనే ఉన్నాను. ఇక నుంచి స్టేజీ మీద జరిగేదంతా నేనెన్నడూ చూడనిది.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది.

తెలియని నంబరు. మలయ్‌లో ఏదో మాట్లాడి, చటుక్కున లేచి జేబులో తాళం తడుముకున్నారు. "కారు," అన్నారంతే. నేను సరే అనేలోపు చీకట్లో కలిసిపోయారు.

అయిపోయింది అనుకున్నాను. ఎవరో కారు తియ్యమని ఉంటారు. తీసి రోడ్డు మీద పెట్టి, వచ్చి తాళం ఊపుతారు. బడి హాల్లో ఊపినట్టే. స్టేజీ వెనక ఇంజను చప్పుడు వినబడింది. అది ఆగింది. నేను స్టేజీ వైపే చూస్తున్నాను గానీ పడవవాడి భార్య నాకు మసకమసకగా కనబడుతోంది. సోమవారం పొద్దున్న తనూషకు నో అని ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. ఆయన మీద కోపం కాదు. ఇక ఈ జన్మకు ఇంతేనని దిగులు.

పది నిమిషాలకు వచ్చారు. చేతిలో తాళం లేదు, కాగితం పొట్లంలో వేడి వేరుశెనక్కాయలున్నాయి. వచ్చి కూర్చున్నారు.

"ఏటి, ఎల్దామా?" అన్నాను, ఆయన అనకముందే.

"ఎల్లడానికి నేదు," అన్నారు కాయ ఒలుస్తూ. "సామాను లారీ వచ్చినాది. మన కారు ముందర అడ్డంగా పెట్టినాడు. ఆట అయ్యేదాక తియ్యడంట."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఉసూరుమనిపించింది. ఈయన కూర్చున్నది లారీ కట్టేసింది కాబట్టి. కట్టేస్తే కూర్చోవడమూ ఒక కూర్చోవడమేనా? వెరోనాలో ఏ లారీ వస్తుంది? కానీ ఏ కారణానైతేనేం, నాకు రెండో సగం దొరికింది. వేరుశెనక్కాయలు తింటూ చూశాను.

ఎంత బాగుందో చెప్పలేను. పడవవాడు తిరిగొస్తాడు, ఒక కన్ను పోయి, గడ్డం పెరిగి. భార్య ఇప్పుడు ఆ పడవ తానే నడుపుతోంది. మొగుడే బేరం వచ్చాడని తెలియక నది దాటిస్తుంది. నది మధ్యలో గాలికి ఆమె జుట్టు ఊడిపోతే అతను తన ముక్క దువ్వెన ఇస్తాడు. తాళాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆమె తన ముక్క తీసి పక్కన పెట్టి చూసింది. పక్కన ముసలామె నిద్ర లేచింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోనూ లేదు. నా చిన్ననాటి నుంచీ విడిపోయి ఉన్న వాళ్లందరూ ఆ పడవలోనే కలుసుకున్నట్టనిపించింది. మా ఆయన కాయ ఒలవడం మానేసి ముందుకు వంగి, నోరు తెరుచుకుని చూస్తున్నారు. మోకాలు ఊగడం లేదు.

ఆఖరున ఆటగాళ్లందరూ వరసగా వచ్చి ముందు వరస ఖాళీ కుర్చీలకు వంగి నమస్కారం పెట్టారు. తరవాత మాకు. మేం పదమూడుమందిమి చప్పట్లు కొట్టాం. అప్పుడు టైము పదిన్నర. లైట్లు ఆరగానే పడవవాడి భార్య వేషం వేసిన ఆవిడ స్టేజీ అంచున కూర్చుని, రంగుల మొహంతోనే మైలో చాక్లెట్ పాల పొట్లానికి గొట్టం గుచ్చుకుని తాగింది. చివర అంటే ఇది కూడా అన్నమాట. నేను దాన్నీ వదలకుండా చూశాను.

జనం వెళ్లిపోయారు. జామ్ కాలేదు. మా ఆయన వెళ్దామనకుండా స్టేజీ వెనక్కి నడిచారు. వెళ్లి చూద్దును కదా, సామాను ఎక్కిస్తున్నవాళ్లకు వరస చెబుతున్నారు! పొడుగు పెట్టెలు లోపలికి, కిరీటాల పెట్టెలు పైకి, స్తంభాలు పక్కకి. ముప్పై నాలుగేళ్ల విద్య ఊరికే పోతుందా? మొదట విసుక్కున్నవాళ్లు, అన్నీ ఎక్కాక ఇంకా చోటు మిగలడం చూసి నోరు మూసుకున్నారు.

లారీ డ్రైవరు, నడివయసు చీనా మనిషి, చెమట తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చి మలయ్‌లో మాట కలిపాడు. "మీ ఆయన భలే మనిషి అక్కా. మధ్యలో మీరు వెళ్లాల్సి ఉంటుందేమో, నేను లారీ పెట్టకముందే కారు బయటికి తీసుకోండని ఫోన్ చేశాను. కావలసినంత దారి ఇచ్చాను. ఆయన వచ్చి చూసి, అక్కర్లేదు, నా కారు ముందే అడ్డంగా పెట్టెయ్ అన్నాడు."

నేను తల తిప్పి లారీ దగ్గరున్న ఆయన్ని చూశాను.

"అంతేకాదు," అని అతను జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. మా కారు తాళం. "ఇదీ నాకే ఇచ్చాడు. ఆట అయ్యేదాకా నేనొచ్చి బతిమాలినా ఇవ్వొద్దన్నాడు."

లారీ కదిలి, దాని ఎర్ర దీపాలు సన్నటి దారిలో మలుపు తిరిగేదాకా ఇద్దరం గడ్డిలో నిలబడ్డాం. ఆ మైదానంలో ఇక మా కారొక్కటే మిగిలింది. ముప్పై రెండేళ్లలో మేం ఆఖరున మిగలడం అదే మొదటిసారి. నేను తాళం ఆయనకు ఇవ్వకుండా గుప్పిట్లోనే పట్టుకున్నాను.

"లారీ ఓడు సెప్పేసినాడా?" అన్నారు.

"సెప్పినాడు."

"బస్సు ఎల్లిపోతే పోనీ అనుకున్నాను లా," అన్నారు, చెప్పుతో గడ్డి రాస్తూ. "నీ బళ్లో పిల్లలు పాడకముందే నాను తాళం ఊపినాను గదా. అప్పుడు నీ మొహం సూడనేదు. నిన్న అయ్య సంగతి సెప్పినాక రాత్రంతా అదే గుర్తొచ్చినాది. ఆ ఏనుగు కోసం అయ్య ఆగినాడు. నీకోసం నాను ఒక్కసారీ ఆగనేదు."

ఆ మాటకు నేను సిద్ధంగా లేను. చెయ్యి పట్టుకున్నాను, అంతే.

"బాగుందా?" అని అడిగాను.

"ఏనుగు కన్నా బాగుంది," అన్నారు.

కారెక్కాక సోమవారం దాకా ఆగకుండా అప్పుడే తనూషకు మెసేజ్ పెట్టమన్నారు. నేను ఎస్ అని కొడుతుంటే నా భుజం మీదుగా చూసి, "ఆ దారి పక్క సీట్లు వద్దను," అన్నారు. "మద్దెలో ఇమ్మను. ఇటు పదిమంది, అటు పదిమంది ఉండాల. లేద్దామన్నా లేవడానికి అవ్వకూడదు."

అలాగే రాశాను. హోటల్ ముందు మాత్రం కారు మళ్లీ రివర్సులోనే పెట్టారు, నాలుగుసార్లు ఆడించి. నేను ఆయన అద్దాలు చూసుకోవడం పూర్తయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.